సీటీసీలో డ్యూయల్ బూట్: అను ఫాంట్లకి విండోస్, యూనికోడ్‌కి ఉబుంటు

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ అని కంప్యూటర్ కొట్ల భవనం ఉంది. మేమందరం సీటీసీ అనే అంటాం. అక్కడ పై అంతస్తులో ఒక చిన్న సర్వీసు కొట్లో నా ల్యాప్‌టాప్‌కి విండోస్ 11 పక్కనే ఉబుంటు 24.04 వేయించుకున్నాను. ఉబుంటు అంటే ఉచితంగా దొరికే లినక్స్ రకం ఓఎస్, అంటే విండోస్ లాగే కంప్యూటర్‌ని నడిపించే మూల సాఫ్ట్‌వేర్. ఆన్ చేసినప్పుడు రెండిట్లో ఏది కావాలంటే అది తెరుచుకునే ఈ ఏర్పాటునే డ్యూయల్ బూట్ అంటారు. కొట్టులో ఉండేది ఒక్కడే అబ్బాయి. పేరు రాస్తే జనం ఎక్కువైపోతారు, ఒక్కణ్ణే చేసుకోలేను, వద్దు మేడమ్ అన్నాడు కాబట్టి రాయడం లేదు. పని ఎలా చేశాడో మాత్రం వివరంగా రాస్తాను. ఇలాంటి పనికి మీరు ఏ కొట్టుకి వెళ్లినా, ఎదుటివాడికి పని వచ్చో రాదో తెలుసుకోవడానికి పనికొస్తుంది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. రెండు ఓఎస్‌లు ఎక్కించడం పెద్ద విద్యేమీ కాదు, గంట పని. ఎక్కించే ముందు ఏం అడుగుతాడు, ఏం సర్దుతాడు అన్నదానికే మనం డబ్బులిస్తాం. ఆ లెక్కన ఈ కొట్టుకి పూర్తి మార్కులు వేస్తాను.

నాకు రెండు ఓఎస్‌లు ఎందుకో చెప్పకపోతే తక్కినది అర్థం కాదు. చిక్కడపల్లిలో ఇంట్లోనే డీటీపీ, అంటే కంప్యూటర్‌లో పుస్తకాల పేజీలు కట్టే పని చేస్తాను. త్యాగరాయ గానసభకి నడిచి వెళ్లేంత దూరం. అక్కడ ఆవిష్కరణ తేదీ ఖాయం చేసుకుని, ఆ తర్వాత రాతప్రతి తెచ్చే కవులు, రిటైరైన మాస్టార్లు, పరిశోధన పుస్తకంగా వేసుకునే లెక్చరర్లు, ఒకరిద్దరు చిన్న ప్రచురణకర్తలు, వీళ్లే నా దగ్గరికొచ్చేవాళ్లు. డిసెంబరులో ఎన్టీఆర్ స్టేడియంలో బుక్ ఫెయిర్ వస్తుందంటే అక్టోబరు నుంచే నిద్ర ఉండదు. డెమ్మీ సైజు, పదహారు పేజీల ఫారం, ఎన్ని ఫారాలొస్తే అంత బిల్లు. ఈ లెక్కల్లోనే బతుకుతున్నాం.

ఇన్నేళ్ల పుస్తకాలన్నీ పేజ్‌మేకర్ 7.0 అనే పాత పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్ ఫైళ్లు, లోపల అను ఫాంట్లు. ఈ రంగంలో లేనివాళ్ల కోసం ఒక మాట. అను అక్షరాలు చూడ్డానికి తెలుగే. కంప్యూటర్ దృష్టిలో మాత్రం అవి ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల స్థానాల్లో కూర్చున్న బొమ్మలు. ఫాంటు లేని సిస్టంలో ఫైలు తెరిస్తే పేజీ నిండా అర్థంలేని గుర్తులు కనిపిస్తాయి. గూగుల్లో వెతికినా దొరకవు, ఫోన్‌కి పంపితే చదవలేరు. యూనికోడ్‌లో తెలుగుకి సొంత స్థానాలున్నాయి, ఎక్కడ తెరిచినా తెలుగే. అందరూ యూనికోడ్‌కి మారాలన్న మాట నేనూ మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను. కానీ ఎప్పుడో చేసిన పుస్తకానికి రీప్రింట్ వస్తే, 143వ పేజీలో ఒక్క అచ్చుతప్పు దిద్దడానికి పుస్తకం మొత్తాన్ని యూనికోడ్‌లోకి మార్చి, మళ్లీ పేజీలు కట్టి, మళ్లీ ప్రూఫులు దిద్దమంటే ఆ ఖర్చు ఎవరిస్తారు? పేజ్‌మేకర్‌ని అడోబీ వదిలేసి ఇన్‌డిజైన్ వైపు వెళ్లిపోయి చాలా ఏళ్లయింది. అయినా మన ప్రెస్సుల్లో అది ఇంకా బతికే ఉంది. అందుకని నాకు విండోస్ ఉండి తీరాలి.

ఇక రెండోవైపు. ఈమధ్య వచ్చే పనిలో సగం పాత పుస్తకాల పునర్ముద్రణ. రచయిత పోయి 60 ఏళ్లు దాటితే మన చట్టం ప్రకారం కాపీరైట్ తీరిపోతుంది. అలాంటి పుస్తకాలు స్కాన్ చేసి తెచ్చి, టైపు చేయించి పెట్టమంటారు. మొత్తం టైపు చేసే బదులు ఓసీఆర్ చేసి, అంటే స్కాన్ బొమ్మలోని అక్షరాల్ని కంప్యూటర్ చేతే చదివించి, దిద్దుకుంటే పని సగానికి తగ్గుతుంది. టెసరాక్ట్ అని ఉచిత ఓసీఆర్ ఉంది. హెచ్‌పీ వాళ్లు తయారుచేసి 2005లో అందరికీ వదిలేశారు, తర్వాత గూగుల్ పెంచింది. దానికి తెలుగు ఉంది. విండోస్‌లోనూ పెట్టుకోవచ్చు. అయితే ఉబుంటులో తెలుగు డేటాతో సహా ఒక్క లైనుతో దిగుతుంది. వందల పేజీలు వరసగా నడిపే పని అక్కడ సుఖంగా సాగుతుంది.

ఇంకో కారణం పెన్‌డ్రైవులు. డీటీపీ చేసేవాళ్లందరికీ ఇది తెలిసిన బాధే. ప్రెస్సుకి ఇచ్చిన పెన్‌డ్రైవు తిరిగొచ్చేసరికి ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లయి ఉంటాయి. తెలియక ఒక్కటి క్లిక్ చేస్తే మన సిస్టం కూడా అంటుకుంటుంది. ఆ వైరస్ విండోస్ కోసం రాసింది, ఉబుంటులో నడవదు. బయటి నుంచి వచ్చిన ఏ పెన్‌డ్రైవయినా ఇప్పుడు ముందు ఉబుంటులోనే పెడతాను. షార్ట్‌కట్లు, వాటి వెనక దాక్కున్న అసలు ఫోల్డర్లు రెండూ అక్కడ కనిపిస్తాయి. కావలసిన ఫైలు తీసుకుని తక్కింది తుడిచేస్తాను.

విండోస్ లోపలే ఉబుంటుని నడిపే వర్చువల్ మెషీన్ చాలదా అని మా అన్నయ్యగారి అబ్బాయి అడిగాడు. 16 జీబీ ర్యామ్ ఉన్నా, వందల పేజీల ఓసీఆర్ నడుస్తుంటే లోపలి ఓఎస్‌కీ బయటి ఓఎస్‌కీ మెమరీ పంచాల్సి వచ్చి రెండూ నత్తనడక నడుస్తాయి. రెండో ల్యాప్‌టాప్ కొనే స్తోమత నాకు లేదు.

సీటీసీకి వెళ్లకముందు వేరే చోట్ల కూడా అడిగాను. దాదాపు అందరిదీ ఒకే జవాబు: "ఫార్మాట్ కొట్టి రెండూ ఎక్కిస్తాం. డేటాకి గ్యారంటీ లేదు." నా డేటాలో చనిపోయిన రచయితల పుస్తకాలున్నాయి. వాళ్ల రాతప్రతులు వాళ్ల ఇళ్లల్లో కూడా లేవు. గ్యారంటీ లేదన్న మాట అంత తేలిగ్గా అనేవాళ్ల చేతికి యంత్రం ఇవ్వబుద్ధి కాలేదు. ఉన్న విండోస్‌ని కదపకుండానే పక్కన ఉబుంటు పెట్టవచ్చు, దానికి ఫార్మాట్ అక్కర్లేదు. ఎవరైనా ఫార్మాట్‌తో మొదలుపెడితే అది వాళ్ల సౌకర్యం కోసమని అర్థం.

ఈ అబ్బాయి ల్యాప్‌టాప్ తెరవకముందే అడిగిన మొదటి ప్రశ్న: "మేడమ్, బ్యాకప్ ఉన్నదా?"

ఉందని ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ చూపించాను. అంతటితో వదల్లేదు. "కాపీ అయిందంటే సరిపోదు. నాలుగు ఫైళ్లు తెరిచి చూడుండ్రి, కొత్తవి రెండు, పాతవి రెండు" అన్నాడు. తన కంప్యూటర్‌కి పెట్టి నా చేతే తెరిపించాడు. అను ఫాంట్లు అతని దగ్గర లేవు కాబట్టి అక్షరాలు గజిబిజిగానే వచ్చాయి. పేజీలూ బొమ్మలూ సరిగ్గా ఉన్నాయని నేను చెప్పాకే ముందుకెళ్లాడు. తెలుగు డీటీపీ గురించి ఆ అబ్బాయికి ఏమీ తెలియదు. తెలియని పనిని తెలిసినవాళ్ల చేత సరిచూపించుకోవాలన్న తెలివి ఉంది. నాకు అక్కడే నమ్మకం కుదిరింది.

రెండో ప్రశ్న బిట్‌లాకర్, అంటే డిస్క్‌లోని ఫైళ్లని తాళం వేసినట్టు దాచే విండోస్ ఏర్పాటు. దీని గురించి కాస్త ఆగి చెప్పాలి. కొత్త విండోస్ 11 ల్యాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే డిస్క్ ఎన్‌క్రిప్షన్ మనం అడక్కుండానే ఆన్ అయి ఉంటుంది. రోజూ వాడుతున్నప్పుడు దాని ఉనికే తెలియదు. బూట్ అయ్యే పద్ధతిలో ఏదైనా మారిందంటే మాత్రం నీలం తెర వచ్చి 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ లేకపోతే డిస్క్‌లో ఉన్నవేవీ మనవి కావు, ఏ రిపేరువాడూ తీయలేడు. కీ సాధారణంగా మన మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోనే దాచి ఉంటుంది. నా ఫోన్‌లో ఆ అకౌంట్ తెరిపించి, కీ చూపించి, కాగితం మీద నా చేతే రాయించాడు. ఆ తర్వాత సెట్టింగ్స్‌లో ఎన్‌క్రిప్షన్ ఆఫ్ చేశాడు. డిస్క్ మొత్తం విప్పుకోవడానికి చాలాసేపు పట్టింది. ఈలోపు కిందికి వెళ్లి టీ తాగి రమ్మన్నాడు. ఎన్‌క్రిప్షన్ తీసేస్తే ల్యాప్‌టాప్ పోయినప్పుడు లోపలి ఫైళ్లు ఎవరైనా చదవగలరు, ఆ సంగతి కూడా తనే చెప్పాడు. పుస్తకం అచ్చయితే ఎలాగూ అందరూ చదివేదే కాబట్టి నేను సరేనన్నాను. బ్యాంకు కాగితాలు, ఆఫీసు రహస్యాలు పెట్టుకునేవాళ్లు మాత్రం ఈ ఒక్క విషయం బాగా ఆలోచించుకోవాలి.

మూడోది నాకు అన్నిటికంటే నచ్చింది. ఏమీ ఎక్కించకుండానే, పెన్‌డ్రైవు నుంచి ఉబుంటుని నడిపించి ల్యాప్‌టాప్ నా ముందు పెట్టాడు. "ముందుగాల వాడి చూడుండ్రి. వైఫై వస్తున్నదా, సౌండ్ వస్తున్నదా, టచ్‌ప్యాడ్ మంచిగున్నదా, తెలుగు వస్తున్నదా. నచ్చకపోతే ఇక్కడ్నే బంద్ చేద్దాం, పైసలొద్దు." డిస్క్ మీద ఒక్క అక్షరం కూడా మారకుండా మొత్తం సిస్టం పెన్‌డ్రైవులో నడుస్తుంది. వైఫై, కెమెరా, స్పీకర్లు, వెలుతురు తగ్గించే మీటలు అన్నీ చూసుకున్నాను. కీబోర్డు సెట్టింగ్స్‌లో తెలుగు చేర్చి నాలుగు వాక్యాలు కొట్టాను. క్ష్మి, స్త్ర్య, జ్ఞ లాంటివి కొట్టి ఒత్తులు సరిగ్గా పడుతున్నాయో లేదో చూశాను. పడ్డాయి. వేలిముద్ర సెన్సర్ పనిచేయలేదు. దానికి డ్రైవర్, అంటే ఆ పరికరాన్ని నడిపించే సాఫ్ట్‌వేర్, లేదని అప్పుడే చెప్పేశాడు. ఇంటికెళ్లాక తెలిస్తే కోపం వచ్చేది. ముందే తెలిసింది కాబట్టి ఒప్పుకునే దిగాను.

పార్టిషన్ల దగ్గర, అంటే డిస్క్‌ని భాగాలుగా పంచే దగ్గర, ఒక చిక్కొచ్చింది. నాది 512 జీబీ ఎస్ఎస్‌డీ, విండోస్‌లో 476 అని చూపిస్తుంది. కంపెనీ వాళ్లు వెయ్యి లెక్కన, విండోస్ 1024 లెక్కన కొలవడం వల్ల వచ్చే తేడా అది. సీ డ్రైవ్‌ని కుదించబోతే, అంత ఖాళీ ఉన్నా కొంచెమే ఇస్తానంది. మధ్యలో ఎక్కడో కదపడానికి వీల్లేని ఫైళ్లున్నాయట: హైబర్నేషన్ ఫైలు, పేజింగ్ ఫైలు, రిస్టోర్ పాయింట్లు. బయటి సాఫ్ట్‌వేర్ పెట్టి బలవంతంగా జరిపేవాళ్లూ ఉన్నారు. ఇతను హైబర్నేషన్ ఆపి, తక్కినవి తాత్కాలికంగా తీసేసి, రీస్టార్ట్ చేసి, విండోస్ సొంత డిస్క్ మేనేజ్‌మెంట్‌తోనే కుదించాడు. సీ డ్రైవ్‌ని విండోస్‌తోనే కుదించాలి, ఉబుంటు వైపు నుంచి ముట్టుకోకూడదు అన్నది అతని నియమం. చివరికి విండోస్‌కి 230 జీబీ, ఉబుంటుకి 120, రెండిటికీ ఉమ్మడిగా 120. ఉమ్మడి డ్రైవ్‌కి 'పుస్తకాలు' అని పేరు పెట్టించాను. స్వాప్‌కి, అంటే ర్యామ్ చాలనప్పుడు డిస్క్ మీద వాడుకునే చోటుకి, విడిగా భాగం ఇవ్వలేదు. ఉబుంటు ఇప్పుడు దాన్ని ఫైలుగానే సర్దుకుంటుంది. పాత పద్ధతిలో నేర్చుకున్నవాళ్లు ఇంకా స్వాప్ పార్టిషన్ కోస్తుంటారు.

ఆ ఉమ్మడి డ్రైవే ఈ ఏర్పాటుకి ప్రాణం. అది బాగా నడవాలంటే విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపేయాలి. ఈ సంగతి తెలియక ఇబ్బందిపడే వాళ్లు చాలామంది. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే, షట్‌డౌన్ కొట్టినా విండోస్ పూర్తిగా మూతపడదు. తలుపు దగ్గరగా వేసి పక్కింటికి వెళ్లినట్టు, సగం పని డిస్క్ మీద అలాగే ఉంచి పడుకుంటుంది. ఆ స్థితిలో ఉబుంటు నుంచి అదే డ్రైవ్‌లో ఏదైనా రాస్తే ఫైళ్లు పాడవుతాయి. అందుకే ఉబుంటు దాన్ని చదవడానికి మాత్రమే తెరుస్తుంది, రాయనివ్వదు. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్ లోపల ఒక టిక్కు తీసేస్తే సరిపోతుంది. ఎస్ఎస్‌డీ ఉన్న యంత్రం కాబట్టి విండోస్ తెరుచుకోవడంలో తేడా నాకేమీ తెలియడం లేదు.

ఫైళ్ల పేర్ల గురించి కూడా మంచి మాట చెప్పాడు. ఉబుంటులో ఫైలు పేరులో ప్రశ్నార్థకం, కోలన్ పెట్టుకోవచ్చు, విండోస్ వాటిని ఒప్పుకోదు. ఇంగ్లీషులో పేరు పెడితే పెద్దక్షరం చిన్నక్షరం తేడాతో ఉబుంటు రెండు వేరు వేరు ఫైళ్లుగా ఉంచుతుంది, విండోస్‌కి అవి రెండూ ఒకటే. ఉమ్మడి డ్రైవ్‌లో ఇలాంటి పేర్లు వద్దన్నాడు. తెలుగు పేర్లకి రెండు వైపులా ఏ ఇబ్బందీ లేదు.

సెక్యూర్ బూట్, అంటే సంతకం లేని బూట్ ఫైళ్లని ఆపే రక్షణ, ఆఫ్ చేయలేదు. చాలా కొట్లలో బయాస్ (ఆన్ చేయగానే ముందు నడిచే సెట్టింగ్స్)‌లోకి వెళ్లి ముందు దాన్నే ఆపేస్తారు. ఉబుంటు బూట్ ఫైలు మీద మైక్రోసాఫ్ట్ సంతకం ఉంటుంది కాబట్టి ఆపకుండానే ఎక్కుతుంది. ఇది నేను చదివి వెళ్లాను. అడగబోయేలోపే అతనే చెప్పాడు.

ఇన్‌స్టాలేషన్ గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు. భాష, కీబోర్డు, ఏ పార్టిషన్, యూజర్ పేరు. బూట్ ఫైళ్లుండే చిన్న ఈఎఫ్ఐ పార్టిషన్ ఒకటి విండోస్‌ది అప్పటికే ఉంటుంది, దాన్ని ఫార్మాట్ చేయకుండా ఉబుంటు బూట్ ఫైలు కూడా అందులోనే చేరేలా చూసుకోవాలి. అతను అక్కడ ఆగి రెండోసారి సరిచూసుకోవడం గమనించాను. రీస్టార్ట్ చేస్తే ఏ ఓఎస్ కావాలో అడిగే గ్రబ్ మెనూ వచ్చింది, పైన ఉబుంటు, కింద విండోస్ బూట్ మేనేజర్. కిందటిసారి ఏది తెరిచానో అదే ముందుండేలా మార్చి ఇమ్మన్నాను, మార్చాడు. బుక్ ఫెయిర్ రోజుల్లో వారాల తరబడి విండోస్‌లోనే ఉంటాను కాబట్టి నాకది అవసరం.

తర్వాత గడియారం సంగతి. ఉబుంటు వాడి విండోస్‌లోకి వెళ్తే టైము సరిగ్గా ఐదున్నర గంటలు వెనక్కి ఉంటుంది. లోపలి గడియారంలో ఉన్నది స్థానిక సమయమని విండోస్ అనుకుంటుంది, ఉబుంటు మాత్రం అందులో గ్రీన్‌విచ్ లెక్క పెడుతుంది. మనకీ వాళ్లకీ తేడా ఐదున్నర గంటలు, అదే ఇక్కడ కనిపిస్తుంది. చాలామంది గడియారం బ్యాటరీ పోయిందనుకుని మార్పించేస్తారు. ఉబుంటు టెర్మినల్‌లో ఒక్క లైను కొట్టి, దాన్ని కూడా స్థానిక సమయమే పెట్టేలా చేశాడు. ఏడాదికి రెండుసార్లు గడియారం ముందుకీ వెనక్కీ జరిపే దేశాల్లో ఈ ఉపాయం తలనొప్పులు తెస్తుంది. మనకి ఆ గొడవ లేదు.

ఇంటికొచ్చాక వాడకం. విండోస్‌లో ఏమీ మారలేదు. అను, పేజ్‌మేకర్, పాత ఫైళ్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఉబుంటులో తెలుగు టైపింగ్‌కి ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు అమరిక ఎంచుకున్నాను. ఎడమచేతి వైపు అచ్చులు, కుడివైపు హల్లులు. ఏ ఓఎస్‌కి వెళ్లినా అదే అమరిక. అనులో యాపిల్ అనే కీబోర్డు అమరికకి అలవాటుపడిన వేళ్లకి కొత్తగానే ఉంది. అయినా నేర్చుకోదగిన శ్రమే. విండోస్ మీట, స్పేస్ కలిపి నొక్కితే తెలుగు, ఇంగ్లీషు మారుతుంటాయి. గూగుల్ ఫాంట్స్ నుంచి మండలి, సూరన్న, రామభద్ర, గురజాడ, గిడుగు దించుకున్నాను. పుస్తకం లోపలి మ్యాటరుకి మండలి కళ్లకి హాయిగా ఉంది. శీర్షికలకి రామభద్ర నిండుగా ఉంటుంది. అనులో ఉన్నన్ని రకాల అక్షరాలు యూనికోడ్‌లో ఇంకా లేవు. ముఖ్యంగా పెళ్లిపత్రికలు, కరపత్రాలు చేసేవాళ్లకి ఆ లోటు తెలుస్తుంది.

టెసరాక్ట్ సంగతి నిజాయితీగా చెప్పాలి. 300 డీపీఐలో శుభ్రంగా స్కాన్ చేసిన పేజీ అయితే ఆశ్చర్యపోయేంత బాగా చదువుతుంది. పసుపు పచ్చబడి, వెనక పేజీ సిరా ముందుకి ఊరిన కాగితమైతే థ, ధల దగ్గర, మ, యల దగ్గర తడబడుతుంది. అరసున్నాల్ని చాలాచోట్ల వదిలేస్తుంది. పద్యం పాదాలని కలిపేస్తుంది. కాబట్టి ప్రూఫు చూసే పని తప్పదు. ఆ అబ్బాయి నాలుగు లైన్ల స్క్రిప్ట్ ఒకటి రాసిచ్చాడు. పీడీఎఫ్ పెడితే పేజీలుగా విడగొట్టి, ఒక్కొక్కటే చదివి, అన్నీ ఒకే ఫైలులో పోస్తుంది. రాత్రి పెట్టి పడుకుంటే తెల్లారేసరికి మ్యాటరు సిద్ధంగా ఉంటుంది. దీనికి విడిగా డబ్బు అడగలేదు.

ఒక విషయంలో నేను గట్టి నియమం పెట్టుకున్నాను. ఏ పుస్తకం పేజీలు ఏ ఓఎస్‌లో కట్టడం మొదలుపెడితే అక్కడే ముగిస్తాను. ఒకే ఫాంటు, ఒకే సైజు అయినా ఉబుంటులోని లిబ్రెఆఫీస్‌లో విరిగిన లైను విండోస్‌లోని వర్డ్‌లో మరోచోట విరుగుతుంది. ఒక్క లైను జరిగితే పేజీ జరుగుతుంది, పేజీ జరిగితే విషయసూచిక మొత్తం తప్పుతుంది. మ్యాటరు అటూ ఇటూ పోవచ్చు, పేజీలు కట్టిన ఫైలు మాత్రం పోకూడదు. ప్రెస్సుకి ఎప్పుడూ పీడీఎఫే ఇస్తాను.

లోపాలూ ఉన్నాయి. మా పాత లేజర్ ప్రింటర్ ఉబుంటులో ఎంత ప్రయత్నించినా రాలేదు. అతను కూడా కూర్చుని చూసి, దీనికి వచ్చిన డ్రైవర్ మరీ పాతది, నా వల్ల కాదన్నాడు. పీడీఎఫ్ చేసి విండోస్‌లోకి వెళ్లి ప్రింటు తీసుకుంటున్నాను. ప్రూఫులు రోజూ కాగితం మీద చూసేవాళ్లకి ఇది చిన్న బాధ కాదు. మీ ప్రింటర్ మోడల్ ముందే చెప్పి అడగండి. బ్యాటరీ నా యంత్రంలో విండోస్ కంటే ఉబుంటులో కాస్త త్వరగా అయిపోతోంది. కొట్టు సంగతికొస్తే, ఒక్కడే కావడం వల్ల మధ్యలో ఫోన్లు, వచ్చిపోయేవాళ్లు, మన పని ఆగి ఆగి సాగుతుంది. కూర్చోవడానికి ఒకే స్టూలు. బిల్లు అడిగితేనే రాసిస్తాడు, అడిగి తీసుకోండి.

ఇంకో భయం గురించి కూడా అడిగాను. 2024 ఆగస్టులో వచ్చిన ఒక విండోస్ సెక్యూరిటీ అప్‌డేట్ వల్ల ఎన్నో దేశాల్లో డ్యూయల్ బూట్ యంత్రాల్లో లినక్స్ తెరుచుకోలేదు. పాత బూట్ ఫైళ్లని నిరోధించడానికి తెచ్చిన ఏర్పాటది. డ్యూయల్ బూట్ ఉన్నచోట అమలు కాదని మైక్రోసాఫ్ట్ చెప్పినా, కొన్నిచోట్ల గుర్తించలేక అమలైపోయింది. పూర్తి పరిష్కారం 2025 మే అప్‌డేట్లలో వచ్చింది. మళ్లీ ఇలాంటిదొస్తే ఏం చేయాలంటే, అతను మూడు మాటలు చెప్పాడు. రెండు ఓఎస్‌లనీ ఎప్పటికప్పుడు అప్‌డేట్ చేసుకోవాలి, ఒకదాన్ని నెలల తరబడి వదిలేయకూడదు. ఉబుంటు పెన్‌డ్రైవు ఇంట్లో ఒకటి ఉంచుకోవాలి. గ్రబ్ కనిపించకపోతే కంగారుపడి ఎక్కడా ఫార్మాట్ చేయించకూడదు. డేటా ఎక్కడికీ పోదు, ఆన్ చేస్తూ బూట్ మెనూ మీట నొక్కితే చాలాసార్లు రెండూ కనిపిస్తాయి. డెల్, లెనోవోలలో సాధారణంగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9. ఇవన్నీ ఒక కాగితం మీద రాసి, ఏ పార్టిషన్ ఏమిటో బొమ్మ గీసి ఇచ్చాడు. ఆ కాగితాన్ని రికవరీ కీతో పాటు బీరువాలో పెట్టాను.

ఎవరికి వద్దో కూడా చెప్పాలి. నేను అక్కడ కూర్చుని ఉండగానే ఒకాయన పాత డెస్క్‌టాప్ తెచ్చాడు. విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో మైక్రోసాఫ్ట్ మద్దతు ఆగిపోయింది, విండోస్ 11కి కనీసం ఎనిమిదో తరం ఇంటెల్ ప్రాసెసర్, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి. ఆయన యంత్రం అంతకంటే పాతది. రెండూ వేయమంటే, మీరు వాడేది బ్రౌజర్, ఉత్తరాలే కదా సార్, విండోస్ దేనికి, ఉబుంటు ఒక్కటే వేసుకోండని ఈ అబ్బాయి ఒప్పించాడు. రెండు వేస్తే డబ్బు ఎక్కువొచ్చేది. ఉబుంటు 24.04కి 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి కాబట్టి ఆ సలహా సరైనదే. విండోస్‌లో మాత్రమే నడిచే సాఫ్ట్‌వేర్ మీకు ఒక్కటీ లేకపోతే డ్యూయల్ బూట్ మీకు అనవసరం. ఉబుంటులో చేయాల్సిన పని ఏమిటో మీకే స్పష్టంగా తెలియకపోతే కూడా అనవసరం, ఆ 120 జీబీ ఊరికే పడి ఉంటుంది. అనులో బతుకుతూ యూనికోడ్ వైపు అడుగు వేయాలనుకునే డీటీపీ వాళ్లకైతే ఇంతకంటే మంచి దారి నాకు కనిపించడం లేదు. పాత పని ఆగదు, కొత్తది మొదలవుతుంది.

నా దగ్గర 1,000 రూపాయలు తీసుకున్నాడు. పెన్‌డ్రైవు నాదే. 8 జీబీది చాలు, లోపల ఏమీ లేనిది తీసుకెళ్లండి, అంతా తుడిచేస్తారు. చిక్కడపల్లి నుంచి గ్రీన్ లైన్‌లో పరేడ్ గ్రౌండ్ దాకా వెళ్లి, అక్కడ బ్లూ లైన్ మారి ప్యారడైజ్‌లో దిగితే నడిచిపోవచ్చు. పొద్దున్నే కొట్టు తీసే వేళకి వెళ్తే సాయంత్రంలోపు పని అయిపోతుంది. మధ్యాహ్నం దాటి వెళ్తే యంత్రం అక్కడే వదిలి రావాల్సి వస్తుంది. మైక్రోసాఫ్ట్ అకౌంట్ పాస్‌వర్డ్ గుర్తుందో లేదో ఇంట్లోనే చూసుకుని బయల్దేరండి. ఛార్జర్ మరిచిపోవద్దు, బ్యాటరీ మీద నడుస్తున్న యంత్రానికి అతను పార్టిషన్ పని మొదలుపెట్టడు.